రంగుకు అంకెలు కట్టిన కాలం

కృత్రిమ అద్దకపు రంగుల పరిశ్రమ 1856లో లండన్‌లో, మరోదాని కోసం చేసిన ప్రయోగంలోంచి పుట్టింది. క్వినైన్ తయారుచేయాలని చూసిన 18 ఏళ్ల విలియం హెన్రీ పెర్కిన్‌కు చివరికి మిగిలింది నల్లటి మడ్డి. దాన్ని స్పిరిట్‌లో కరిగిస్తే ఊదా రంగు తేలింది. పట్టుకు బాగా పట్టింది, ఉతికినా దిగలేదు. అదే మావ్. బొగ్గుతారు నుంచి వచ్చిన అతని అనిలీన్ శుద్ధమైనది కాకపోవడమే కలిసొచ్చింది. అందులోని టోలుయిడీన్ లేనిదే ఆ అణువు ఏర్పడదు. ముడిసరుకు మారితే ఛాయ మారడమనే చిక్కు ఈ పరిశ్రమకు పుట్టుకతోనే వచ్చిందన్నమాట.

1868లో గ్రేబె, లీబర్‌మన్ అనే జర్మన్ రసాయనవేత్తలు ఆంత్రసీన్ నుంచి అలిజరిన్ తయారుచేశారు. బందరు అద్దకంలో పటిక పట్టించిన గుడ్డకు ఎరుపునిచ్చిన చిరివేరులో ఉన్నదీ ఈ పదార్థమే. ఫ్యాక్టరీ అలిజరిన్ వచ్చాక వేరు తవ్వే పని తగ్గిపోయింది. 1897లో కృత్రిమ నీలిమందు కూడా బజారుకొచ్చింది.

అణువు ఒకటే అయినా లాటుకూ లాటుకూ తేడా వచ్చేది. దాన్ని పట్టడానికి చాలాకాలం డైయింగ్ మాస్టర్ కన్నే దిక్కు. 1931లో అంతర్జాతీయ కాంతి సంఘం ఈ పరిస్థితిని మార్చింది. రైట్ అనే పరిశోధకుడు పరీక్షించిన 10 మంది, గిల్డ్ అనే మరో పరిశోధకుడు పరీక్షించిన ఏడుగురు, మొత్తం 17 మంది చూపు ఆధారంగా ఒక ప్రామాణిక పరిశీలకుణ్ణి నిర్ణయించి, ఏ రంగునైనా మూడు అంకెల్లో చెప్పే పద్ధతి పెట్టింది. ప్రపంచమంతటికీ కొలబద్దగా నిలిచింది ఇంత చిన్న గుంపు చూపు! ఆ కాలంలోనే అమెరికాలో హార్డీ అనే శాస్త్రవేత్త రూపొందించిన స్పెక్ట్రోఫొటోమీటర్, గుడ్డ ఏ తరంగదైర్ఘ్యం దగ్గర ఎంత కాంతిని తిప్పి పంపుతుందో తానే గీత గీసి చూపించింది.

రంగు పాళ్లు తేల్చే లెక్క కూడా 1931లోనే కుబెల్కా, ముంక్ అనే ఇద్దరి నుంచి వచ్చింది. తిరిగొచ్చే కాంతి భిన్నాన్ని ఒకటిలోంచి తీసి, వర్గం కట్టి, ఆ భిన్నానికి రెట్టింపుతో భాగిస్తే వచ్చే విలువ, గుడ్డ పీల్చుకున్న రంగుకు దాదాపు అనుపాతంలో ఉంటుంది. 50 శాతం కాంతి తిరిగొస్తే ఆ విలువ 0.25, 10 శాతమే వస్తే 4.05. అంటే లేత ఛాయను అంత ముదురు చేయడానికి ఐదు రెట్లు చాలదు, సుమారు 16 రెట్ల రంగు కావాలి. ముదురు షేడ్లకు ఖర్చెందుకు ఎక్కువో ఇక్కడే తెలుస్తుంది.

ఒక దీపం కింద అంకెలు కలిసిన రెండు గుడ్డలు మరో దీపం కింద వేరుగా కనిపించవచ్చు. రెండింటిలో వాడిన రంగులు వేరైతే ఇలా జరుగుతుంది. అందుకే మిల్లుల్లో పాళ్లను పగటి వెలుగుకే కాక, దుకాణంలోని దీపాలకూ లెక్కకట్టి చూస్తారు.