బళేపేటలో వేరు కుంపటి

ఉగాదికి కొత్త గాజులు తొడిగించుకోవడానికి మన ఆడవారు బళేపేటకు వెళ్ళి రావడము ఈ నగరములో కాపురముంటున్న తెలుగు కుటుంబాలలో చాలామందికి అలవాటే. కన్నడములో బళె అంటే గాజు. గాజులమ్మే పేట కనుక బళేపేట. నేడక్కడ గాజుల అంగళ్ళ సరసనే వీణలు, మృదంగములు, హార్మనీలు అమ్మే దుకాణాలు, పట్టుచీరల కొట్లు బారులు తీరి ఉన్నవి. మొన్న ఆ సందడిలో నిలబడినప్పుడు మాకొక మాట తోచినది. ఈ పేట పేరు సొమ్ము అమ్మినవానిని తలచుకుంటున్నది. సొమ్ము చేసినవాని మాట ఏమి?

1537లో కెంపేగౌడ ఈ పేట కట్టించిన నాటి నుండి ఇక్కడ వృత్తులను బట్టి వీధులు ఏర్పడినవి. గాణిగరపేటలో గానుగలవారు, కుంబారపేటలో కుమ్మరులు, అక్కిపేటలో బియ్యము, అరళేపేటలో పత్తి. శ్రీరంగపట్నము పడిపోయిన మరుసటి ఏడు, అంటే 1800లో, కుంపిణీ వారి పనిమీద ఫ్రాన్సిస్ బుకానన్ అనే దొర ఈ ఊరికి వచ్చి తాను చూచినదంతా వ్రాసి పెట్టుకున్నాడు. ఆ గ్రంథము 1807లో అచ్చయినది. ఊరి కులాలు కుడిచేయి, ఎడమచేయి అని రెండు పక్షాలుగా చీలి ఉండేవని, కుడిచేతి వారికి బణజిగలు, ఎడమచేతి వారికి పాంచాలురు పెద్దలని అతడు చెప్పినాడు. బణజిగలలో తెలుగువారినీ పేర్కొన్నాడు. మన దేశములో గాజుల బలిజలని పిలుచుకునే వర్తకులు ఈ కోవలోని వారే. పాంచాలురంటే కంసాలి, కమ్మరి, వడ్రంగి, కంచరి, శిల్పి. ఊరేగింపులలో మర్యాదల గురించి ఈ రెండు పక్షాలకూ తగవులు. అయితే గాజులమ్మే చేయి, బంగారము కొట్టే చేయి వీధిలో ఎంత పోట్లాడుకున్నా, పెండ్లికూతురి ముంజేతి మీద మట్టిగాజులు, బంగారు కడియాలు పక్కపక్కనే కూర్చునేవి.

బుకానన్ దొర చిత్రదుర్గము సీమలోని మత్తోడులో గాజు కరిగించే కొలుములు కూడా చూచినాడు. నలుపు, ఆకుపచ్చ, ఎరుపు, నీలము, పసుపు, ఈ అయిదు రంగుల గాజు అక్కడ తయారయ్యేదట. గాజుకు కొలిమి కావాలి, కట్టెలు కావాలి, నలుగురు మనుషులు కావాలి. కంసాలికి అంత హంగు అక్కరలేదు. ఒక కుంపటి, ఊదుగొట్టము, పట్టకారు, చిన్న దాయి, సుత్తులు, తీగ లాగే కమ్మచ్చు, గీటురాయి, గురిగింజల త్రాసు. ఇవి ఉంటే ఇంటి అరుగే కార్ఖానా. "వేరు కుంపటి పెట్టుకున్నాడు" అని మనము ఎవరినైనా అన్నప్పుడు ఎత్తిపొడుపుగా అంటాము. కంసాలి విషయములో అది నిక్కముగా అతని స్వాతంత్ర్యము. కుంపటి ఎవరిదో పని వారిది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఆ కుంపటిలో కరిగే బంగారము అతనిది కాదు. ఇల్లాలు పాత కాసులో, తెగిన గొలుసో తెచ్చి ఇచ్చేది. అతడు గీటురాయి మీద గీచి వన్నె చూచి, ఆమె కళ్ళెదుట తూచి, మూసలో వెలిగారము వేసి కరిగించేవాడు. కరిగినది కడ్డీగా పోసి, కొట్టి రేకు చేసి, కమ్మచ్చులో లాగి తీగ చేసి, మాటు వేసి అతికి, చింతపండు పులుసులో కాచి, కుంకుడు నురుగుతో తోమి మెరుగు పెట్టేవాడు. నమూనా పుస్తకమంటూ ఉండేది కాదు. "మా అత్తగారి పట్టెడలాగ, కాని మొగ్గలు కాస్త చిన్నవిగా" అని ఆమె చెప్పేది. అతడు బొగ్గుముక్కతో నేలమీద గీచి చూపేవాడు. కాసులపేరు, నాను, వంకీ, అడ్డిగ, జడబిళ్ళ, అన్నీ ఇట్లా ఇద్దరి మాటల మధ్య పుట్టినవే. నేడు డిజైనరు అంటున్నామే, ఆ పని అది. ఆ మాట మాత్రము అప్పుడు లేదు, అతని పేరు సొమ్ము మీద ఉండేదీ కాదు.

కంసాలి తల్లి బంగారమునైనా వదలడని ఒక సామెత మనలో ఉన్నది. మాకది బొత్తిగా నచ్చదు. ఆకురాయి పెట్టినప్పుడు రాలిన పొడి, కాచినప్పుడు పోయిన మలినము, మాటులో కలిసిన రాగి, వీటి లెక్కే తరుగు. తరుగు పోను మజూరి మిగిలితే ఆనాటి గ్రాసము. అరుగు మీద రాలిన ధూళి కూడా వృథా కాదు. జలగడుగువారు దానిని కొని, నీళ్ళలో కడిగి, నలుసంత బంగారము తీసి బ్రతికేవారు. దొంగతనము చేసే కంసాలి దగ్గరకు అదే ఇంటి మూడు తరాల ఆడవారు ఎందుకు వెళతారు?

ఈ ఊరికి నూరు కిలోమీటర్ల లోపునే కోలారు గనులున్నవి. జాన్ టెయిలరు కంపెనీ వారు 1880లో పని ప్రారంభించగా, అక్కడ పాతాళములో దిగి రాయి కొట్టినవారిలో మన తెలుగువారు, తమిళులు ఎక్కువ. ఆ బంగారము చిరకాలము విలాయతీకి పోయేది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూసివేసినారు. పేటలోని కుంపటికి ఆ గనితో చుట్టరికము లేదు. అతని గని ఇల్లాలి పెట్టె.

అందువల్లనే 1963 జనవరి దెబ్బ అంత గట్టిగా తగిలింది. చైనా యుద్ధము తరువాత విదేశీ ద్రవ్యము కరువై, దొంగరవాణా బంగారమును అరికట్టాలని, ఆర్థికమంత్రి మొరార్జీ దేశాయి గారి కాలములో బంగారు నియంత్రణ నిబంధనలు వచ్చినవి. 14 కారట్లకు మించిన కొత్త నగ చేయరాదన్నారు. 22 కారట్లంటే 24 పాళ్ళలో 22 పాళ్ళు మేలిమి; 14 అంటే సగము కన్న కాస్త ఎక్కువ. ఆ లోహము గట్టిది, రంగు తక్కువది, మన కంసాలి చేతికి అలవాటు లేనిది. పుస్తెలకు అటువంటి బంగారమా అని ఇళ్ళలో ఎవరూ ముందుకు రాలేదు. పెద్ద అంగడివారు పాత సరుకుతోనో, వెండితోనో, రాళ్ళతోనో నెట్టుకు రాగలిగారు. 1869 నుండి ఈ నగరములో ఉన్న కృష్ణయ్య చెట్టి గారి వంటి సంస్థలు నిలిచి నేటికీ ఉన్నవి. అరుగు మీది పనివానికి ఆరు నెలలు కూర్చుని తినే శక్తి ఎక్కడిది? దేశమంతటా లక్షల మంది పని పోగొట్టుకున్నారు. ఆత్మహత్యల వార్తలు పార్లమెంటులో చర్చకు వచ్చినవి. 14 కారట్ల నిబంధన 1966లో తొలగినది గాని, 1968లో చట్టమే వచ్చి కంసాలికి సర్టిఫికెట్టు, లెక్కల పుస్తకము తప్పనిసరి చేసినది. ఆ చట్టము 1990లో రద్దయ్యే నాటికి ఒక తరము గడచిపోయినది. తండ్రి కుంపటి ముందు కూర్చోవలసిన కొడుకు గుమాస్తాగానో, ఫ్యాక్టరీ కార్మికుడుగానో కుదురుకున్నాడు. ప్రభుత్వము చెప్పిన కారణము అబద్ధమని మేము అనము. దొంగరవాణా చేసినవాడు ఎవడో, శిక్ష పడినది ఎవనికో.

మిగిలిన కుంపట్లు వ్యాపారుల చేతి క్రిందికి పోయినవి. బంగారము వ్యాపారిది, నమూనా వ్యాపారిది, కొనేవారి ముఖము పనివాడు చూడడు. నగరతపేట సందులలో నేడు పశ్చిమ బెంగాలు నుండి వచ్చిన పనివారు ఎందరో కూర్చుని అట్లాగే పనిచేస్తున్నారు. వారూ మనవలెనే పొట్ట చేతబట్టుకుని వచ్చినవారు.

ఈ మధ్య కొందరు యువతీయువకులు వెండి, గాజుపూసలు, కాల్చిన మట్టి తీసుకుని, తామే గీచి, తామే చేసి, తామే అమ్ముకుంటున్నారు. కొనేవారితో ముఖాముఖి మాట్లాడుతున్నారు. ఇది కొత్త అని వారనుకుంటారు కాబోలు! 2021 జూను నుండి బంగారు నగలకు హాల్‌మార్కు ముద్ర తప్పనిసరి చేసినప్పుడు, ఏడాదికి 40 లక్షల రూపాయల లోపు వ్యాపారము గలవారికి మినహాయింపు ఇచ్చినారు. ఈసారి చిన్నవాడిని తలచుకున్నవారు ఎవరో ఉన్నారన్న మాట.

పుస్తెల బంగారము కుంపటిలో పెట్టే ముందు మంచి ముహూర్తము చూచి, కంసాలికి తాంబూలము, బియ్యము, పప్పు, కూరలతో స్వయంపాకము ఇచ్చి పని మొదలు పెట్టించడము మన ఇళ్ళ ఆచారము. ఊరు మారినా కొందరు దానిని విడువలేదు. పెద్ద అంగడిలో గాజు పెట్టె అవతల నిలబడిన గుమాస్తాకు ఒక పెద్దావిడ ఆ పళ్ళెము అందించగా మేము చూచినాము. పాపము, అతడు మర్యాదగా రెండు చేతులా పుచ్చుకున్నాడు. తరువాత దానిని ఎవరికి ఇవ్వాలో తెలియక అటూ ఇటూ చూచి, బిల్లు యంత్రము పక్కన పెట్టినాడు.