లేవీయకాండము 15: ఆ నియమాలు నేటి విశ్వాసికి ఏమి చెబుతున్నాయి?



కుటుంబ ప్రార్థనలో బైబిలును వరుసగా చదివేవారు సైతం లేవీయకాండము 15వ అధ్యాయము వచ్చేసరికి పేజీ తిప్పేస్తుంటారు. అయితే దానిని సరిగా గ్రహించనందువలన నేటికీ కొందరు సహోదరీలు నెలసరి దినాలలో ప్రభువు బల్లకు దూరంగా ఉంటున్నారు. కలిసిన రాత్రి ప్రార్థన చేయవచ్చునా అని కొందరు దంపతులు మనస్సాక్షిలో నలిగిపోతున్నారు. కాబట్టి సిగ్గుపడకుండా వాక్యమును పరిశీలిద్దాము.

భార్యాభర్తలు కలిసినప్పుడు ఇద్దరూ స్నానము చేయాలి, సాయంకాలము వరకు అపవిత్రులుగా ఉంటారని 18వ వచనము చెబుతుంది. స్త్రీ ముట్టు దినములు ఏడని 19వ వచనము చెబుతుంది. గమనించండి, ఈ రెండింటికీ దేవుడు ఏ బలినీ కోరలేదు, క్షమాపణ అడగమనలేదు. నీళ్లు, కొంత సమయము, అంతే. అంటే ఇది పాపము కాదు, ఆచార సంబంధమైన అపవిత్రత. కారణము 31వ వచనములో ఉంది: ప్రజల మధ్య దేవుని మందిరమున్నది గనుక. 16, 17 వచనములలో పురుషునికి కూడా ఇదే నియమమున్నదని మగవారు మరచిపోకూడదు.

లేవీయకాండము 18:19 మరొక మాట చెబుతుంది. ఆ దినాలలో భార్యను కూడవద్దని అది భర్తకు ఆజ్ఞాపిస్తుంది.

క్రీ.శ. 70లో రోమా సైన్యము యెరూషలేము దేవాలయమును నాశనము చేసింది. దేవాలయము లేనందున శుద్ధి నియమాలలో చాలా భాగము ఆచరణలో నిలిచిపోయింది. కానీ దంపతుల నియమము 18వ అధ్యాయములో కూడా ఉన్నందున యూదులు దానిని విడువలేదు. సుమారు 200లో కూర్చబడిన మిష్నాలో ‘నిద్దా’ అని 10 అధ్యాయముల భాగమే దీనికి ఉంది. నిష్ఠగల యూదు దంపతులు నేటికీ దీనిని పాటిస్తున్నారు.

మరి క్రైస్తవ సంఘము ఏమి చేసింది? 3వ శతాబ్దములో సిరియాలో వ్రాయబడిన ‘డిడాస్కాలియ’ అను సంఘ క్రమ గ్రంథము స్త్రీలకు ధైర్యము చెప్పింది. బాప్తిస్మములో పొందిన పరిశుద్ధాత్మ ఆ ఏడు దినాలు మిమ్మును విడిచిపోడు, కాబట్టి ప్రార్థన మానవద్దు అని బోధించింది. దంపతులు కలిసిన తర్వాత స్నానము లేకుండానే ప్రార్థించవచ్చునని కూడా చెప్పింది. అదే శతాబ్దములో అలెక్సంద్రియ బిషప్పు దియొనూసియు మాత్రం, ఆ స్థితిలో స్త్రీలు ప్రభువు బల్లను సమీపించకూడదని వ్రాశాడు. రక్తస్రావముగల స్త్రీ యేసును కాదు, ఆయన వస్త్రపు అంచునే ముట్టిందని ఆయన వాదన. కానీ 601లో రోమా బిషప్పు గ్రెగొరీ ఇంగ్లాండులోని అగస్టీనుకు పంపిన జవాబులో అదే స్త్రీని చూపించి, వ్యాధితో ఉన్న ఆమె ప్రభువును ముట్టగలిగితే వీరిని ఎందుకు ఆపాలి అని అడిగాడు.

ఒకే కథ, రెండు తీర్పులు! మార్కు 5వ అధ్యాయము మీరే తెరచి చదవండి. ధర్మశాస్త్రము ప్రకారము ఆమె ముట్టినవారికి అపవిత్రత అంటాలి. కానీ ఆమె అపవిత్రత ప్రభువుకు అంటలేదు, ప్రభువు శక్తి ఆమెకు వచ్చింది. 12 సంవత్సరాల బాధ తీరింది. ఆయన గద్దించలేదు, “కుమారీ” అని పిలిచాడు.

సహోదరీ, ఆయన పిలిచినదానిని నీవు దూరము పెట్టుకోవద్దు. అత్తగారలారా, మీ కోడలిని ఆ దినాలలో ఆరాధన నుండి ఆపవద్దు. దంపతులారా, వివాహపు పాన్పు పవిత్రమైనదని హెబ్రీ 13:4 బోధిస్తుంది, నిందమోపుకోవద్దు.

అయితే భర్తలారా, స్వేచ్ఛ అంటే ఇష్టానుసారము కాదు. భార్య శరీరమునకు విశ్రాంతి అవసరమైన దినాలున్నాయని ఆ పాత ఆజ్ఞ భర్తకు గుర్తుచేసింది. 1 కొరింథీ 7:3-5లో పౌలు ఇద్దరికీ సమాన హక్కు, పరస్పర సమ్మతి అని చెప్పాడు. నొప్పితో, నీరసంతో ఉన్న భార్యను బలవంతపెట్టి, మరునాడు సంఘములో చేతులెత్తి ప్రార్థించడము ఎలా తగును? నీ శరీరమే కాదు, ఆమె శరీరము కూడా పరిశుద్ధాత్మకు ఆలయమే.

ఈ ఆదివారము ఇద్దరూ కలిసి ప్రభువు బల్లకు రండి. ప్రభువు మీ గృహములను దీవించును గాక. ఆమేన్.