గచ్చు కింది గొట్టం

చలిదేశాల్లో ఇంటి నేలను వెచ్చబెట్టడం కొత్త విద్య కాదు. రోమన్లు స్నానశాలల గచ్చును ఇటుక దిమ్మెల మీద నిలిపి, కింది ఖాళీలోకి పొయ్యి సెగను పంపేవారు. కొరియా వాళ్ల ఒండోల్‌లో వంటపొయ్యి సెగా పొగా పడకగది నేల కిందుగా సాగి అవతలి గొట్టంలోంచి పైకి పోయేవి. నేల బీటవారితే విషవాయువు గదిలోకి చొరబడేది. పొగకు బదులు వేడినీళ్లు వచ్చాకే, ఏ గొట్టం వేయాలన్న ప్రశ్న పుట్టింది.

అమెరికన్ వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ టోక్యోలో కొరియా పద్ధతి గది వెచ్చదనం చవిచూశాడు. 1937లో మాడిసన్‌లో పూర్తయిన జేకబ్స్ ఇంటికి కాంక్రీటు గచ్చు కింద ఇనుప గొట్టాలు వేయించాడు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత రాగి వంతు వచ్చింది. 1947లో న్యూయార్క్ దగ్గర మొదలైన లెవిట్‌టౌన్‌లో, నేలమాళిగ లేని వేల ఇళ్లకు గచ్చులోనే రాగి గొట్టాలు పొదిగేశారు. రాగి చక్కగా వంగుతుంది, వేడిని ఇట్టే అందిస్తుంది. కానీ ఏళ్లు గడిచేకొద్దీ తడి, లవణాలు తగిలిన చోటల్లా గొట్టం తినేసినట్టయింది. కాంక్రీటు కుంగి పగిలితే గొట్టమూ చీలింది. బొట్టుబొట్టుగా కారే ఆ చోటు పట్టుకోవాలంటే నట్టింట్లో గచ్చు పగలగొట్టాల్సిందే.

1968లో జర్మనీకి చెందిన థామస్ ఎంగెల్ పెరాక్సైడ్ సాయంతో పాలిథిలిన్ అణుగొలుసులను ఒకదానికొకటి ముడివేశాడు. అదే పెక్స్. మామూలు ప్లాస్టిక్‌లా వేడికి మెత్తబడదు, తుప్పు పట్టదు. అంతకన్నా గొప్ప గుణం, పెద్ద చుట్టగా రావడం. ఒక గది మొత్తానికి ఒకే గొట్టం మెలికలు తిప్పి, మధ్యలో ఒక్క జాయింటు కూడా లేకుండా పరచవచ్చు. ఈ చరిత్రలో అసలు మలుపు ఇదేనని నా నమ్మకం.

అయితే కొత్త చిక్కు కంటికి కనబడకుండా వచ్చింది. గాలిలోని ఆక్సిజన్ ప్లాస్టిక్ గోడలోంచి సన్నగా నీళ్లలోకి దిగుతుంది. గొట్టానికి ఏమీ కాదు. బాయిలరూ పంపూ తుప్పుపడతాయి. ఆ తుప్పు బురదలా పేరుకుని దారులు మూసేస్తుంది. జర్మనీ ప్రమాణం డిన్ 4726 దీనికి మొదట్లో ఇలా హద్దు గీసింది: 40 డిగ్రీల దగ్గర, ఘనమీటరు నీటికి రోజుకు 0.1 గ్రాము ఆక్సిజన్ మించకూడదు. అందుకే గొట్టం మీద ఇవిఓహెచ్ అనే పల్చటి పొర వేయడం మొదలైంది. మధ్యలో అల్యూమినియం పొర ఉన్న రకం వంచితే వంచినట్టే ఉంటుంది, ఆక్సిజన్‌నూ ఆపుతుంది. ఆపైన, అణుగొలుసులు ముడివేయకుండానే వేడిని తట్టుకునే పాలిథిలిన్ రకం, పీఈ-ఆర్‌టీ వచ్చింది.

చలిదేశాల్లో ఇల్లు కట్టుకునే మనవాళ్లకు నాదొక మాట. ధర అడిగే ముందు గొట్టం మీది అచ్చు చదవండి, ఆక్సిజన్ అడ్డుపొర ఉందో లేదో చూడండి. మామూలు 16 మిల్లీమీటర్ల గొట్టమైతే ఒక్కో చుట్టు సుమారు 100 మీటర్లు దాటనివ్వకండి. గచ్చు లోపల జాయింటుకు ఒప్పుకోకండి. కాంక్రీటు పోసేటప్పుడు గొట్టాల్లో ఒత్తిడి నిలిపి ఉంచమనండి. పోయకముందే ప్రతి గది నేలనూ ఫొటో తీసి దాచుకోండి.