జీతము - విశ్వాసము

అమీరుపేటలోని మైత్రీవనము చుట్టునుగల సందులలో ప్రొద్దుట నిలిచి చూచినచో, కంప్యూటరు విద్య నేర్వవచ్చిన యువకులు గుంపులుగా శిక్షణాలయముల మెట్లెక్కుచుందురు. యజమాని మెచ్చునట్లు పనిచేయుట యెట్లో వారికి నేర్పువారు పలువురు కలరు. పనివారిని యజమాని యెట్లు చూచుకొనవలయునో చెప్పువారు అరుదు. ఆ పాఠమును ఈ హైదరాబాదు నగరము నూటడెబ్బది యేండ్లక్రిందటనే మిక్కిలి హెచ్చు వెలయిచ్చి నేర్చుకొన్నది.

1853కు పూర్వము నిజాము ప్రభుత్వమున కొలువు చేయువారికి జీతములు సకాలమున ముట్టెడివి కావు. అరబ్బు జమేదారులు తమకు రావలసిన బాకీలక్రింద తాలూకాలనే తాకట్టు పట్టి పన్నులు వసూలుచేసికొనుచుండిరి. తాలూకాదారునకు నియతమైన జీతము లేదు. వసూలైనదానిలో భాగమే యాతని రాబడి. రైతును ఎంత పిండిన నంత లాభ మగునపుడు ఆతనికి దయ యెక్కడనుండి వచ్చును? ఇంగ్లీషు అధికారుల క్రిందనుండిన కంటింజెంటు సైన్యపు జీతములును బాకీపడుటచే కుంపిణీవారు సొమ్ము సర్దుచు ఋణమును పెంచిరి. తుదకు 1853 మే 21వ తేదీని జరిగిన యొడంబడికవలన, ఆ సైన్యపు ఖర్చుక్రింద బేరారు, రాయచూరు అంతర్వేది మున్నగు ప్రాంతములు కుంపిణీ వశమయ్యెను. వాటిలో కొన్ని 1860లో తిరిగి వచ్చినను బేరారు పరిపాలన నిజామునకు మరల దక్కలేదు.

ఆ నెలాఖరుననే యిరువదినాలుగేండ్ల సాలార్‌జంగు దివానయ్యెను. తాకట్టుపడిన తాలూకాలను విడిపించుటయు, గుత్తదారుల స్థానమున జీతపుటుద్యోగులను క్రమముగా నియమించుటయు ఆయన మొదటి కార్యములు. 1865లో జిల్లాబందీ యేర్పడినపిమ్మట ఏ యుద్యోగి పని యెంతవరకో, ఎవరికి లెక్క చెప్పవలయునో స్పష్టమయ్యెను. మనుష్యులు మాఱలేదు, వారి జీవనాధారము మాఱినది, దానితో నడవడియు మాఱసాగినది.

కౌటిల్యునకు ఈ మర్మము తెలియును. ఉద్యోగులు ధనమపహరించు మార్గములు నలువది గలవని ఆయన లెక్కించెను. అంత సందేహించినవాడును భృత్యభరణమునకు ఒక యధ్యాయమునే కేటాయించి, నలువదియెనిమిదివేల పణములు మొదలు అఱువది పణములవరకు జీతములు నిర్ణయించెను. తగిన జీతము గలవాడు ప్రలోభమునకు లొంగడని ఆయన యాశయము. కాపలాను ఆయన మానలేదు గాని, భరణమును విడిచి కాపలానే నమ్ముకొనలేదు.

అయినను దివాను సంస్కరణమును నిర్దోషమని పొగడరాదు. ఉన్నతోద్యోగములకు ఉత్తరదేశీయులు పెక్కుమంది రాగా స్థానికులలో అసంతృప్తి పెరిగెను. ముల్కీలకు ప్రాధాన్యమిచ్చు ఫర్మానా 1919లో వెలువడెను. అంతకంటె గొప్ప లోపము గ్రామమున నుండెను. జీతము పుచ్చుకొను అధికారి పర్యటనకు వచ్చినపుడు ఆతని సామాను మోయువానికి కూలి లేదు. కచేరిలో స్థిరపడిన న్యాయము వెట్టివాని గుడిసె చేరలేదు. 1930లో జోగిపేటలో ఆరంభమైన ఆంధ్రమహాసభ వెట్టిని ఖండించుటకును, 1946లో చెలరేగిన రైతుల పోరాటమునకును ఈ లోపము ముఖ్యకారణములలో నొకటి.

నేడు మైత్రీవనమునుండి వెలువడు యువకుని చేత మూటలు మోయించువారు లేరు. కాని శిక్షణ యను పేర నెలల తరబడి జీతము లేక పనిచేయించుకొను చోట్లు నేటికిని గలవు. ఆతడు కుర్చీలో కూర్చున్న నిమిషములను యంత్రముచే లెక్కించు యజమానులును గలరు. యజమాని లెక్క అడుగుట తప్పుగాదు; ఏ వ్యవహారమైనను లెక్క లేక సాగదు. అయితే ముందు జీతము నిశ్చయించి, చెప్పిన దినమున చెల్లించి, పని హద్దు తెలిపి, ఆ పిమ్మట లెక్క అడుగవలయును. తన బిడ్డను పొలమమ్మి ఈ నగరమునకు పంపిన తండ్రి, ఉద్యోగ మిచ్చెదమను వారిని మొదట అడుగవలసిన ప్రశ్నయు నిదియే: జీతము ఎంత, ఏ దినమున?