మన ప్రాంతంలో పువ్వులు: కోసేదెవరు, పెట్టుకునేదెవరు?

ఏటా ఈ పుస్తకంలో పొదుపులు, అప్పులు, వడ్డీల లెక్కలు రాసుకుంటాం. ఈసారి మన ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు ప్రాంతంలో పువ్వుల సంగతి ఎలా మారుతూ వచ్చిందో నాకు తెలిసినంత రాస్తున్నాను.

మన అమ్మమ్మల కాలంలో పువ్వులు కొనడం తక్కువ. పెరట్లో మందారం, నందివర్ధనం, సన్నజాజి పందిరి ఉండేవి. ఎవరి పువ్వులు వాళ్ళు కోసుకునేవాళ్ళు. లేనివాళ్ళు పక్కింట్లో అడిగి కోసుకునేవాళ్ళు. ధనుర్మాసంలో గొబ్బెమ్మల మీదకి గుమ్మడి పువ్వు, బంతి పువ్వు ఊళ్ళోనే దొరికేవి.

కొల్లేటి లంకల వాళ్ళకి సరస్సే పెరడు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీళ్ళు కొల్లేట్లో నిలిచి, ఉప్పుటేరు గుండా సముద్రంలోకి పోతాయి. ఆ నిలవ నీళ్ళలో తామరలు, కలువలు పెరిగేవి. దోనె వేసుకుని వెళ్ళి కోసుకోవడమే. తామర పువ్వు దేవుడికి, ఆకు అన్నం తినడానికి, గింజలు పిల్లలకి. ఎవరికీ డబ్బు కట్టే పని లేదు.

1970ల నుంచి కొల్లేట్లో చేపల చెరువులు మొదలయ్యాయి. గట్టు పడ్డాక నీళ్ళకి లీజుదారు వచ్చాడు. చేపల చెరువులో తామర ఉంటే అడ్డమని తీసేస్తారు. మిగతా చోట్ల గుర్రపుడెక్క కమ్మేసింది. 1999లో ప్రభుత్వం ఐదో కాంటూరు దాకా అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో కొల్లేరు రాంసార్ జాబితాలో చేరింది. 2005-06లో చాలా చెరువుల గట్లు కొట్టేశారు. పక్షుల కోసం, నీళ్ళ కోసం అది అవసరమే. కానీ వెనకటిలా మన ఇష్టానికి పువ్వులు కోసుకునే రోజులు మాత్రం తిరిగి రాలేదు.

ఊళ్ళలో కూడా పెరళ్ళు తగ్గి, డాబాలు పెరిగాయి. గోదావరి అవతల కడియం, కడియపులంక పూల వ్యాపారానికి పేరు పడ్డాయి. మనమేమో బజారుకి వెళ్ళి మూరల లెక్కన కొనడం నేర్చుకున్నాం.

మూర దండ వెనక ఎంత పని ఉందో కోసేవాళ్ళకే తెలుసు. మల్లెమొగ్గ విచ్చకముందే కోయాలి. అందుకే చీకటితోనే తోటకి పోవాలి. కోసేది, దండ కట్టేది, బుట్ట పట్టుకుని అమ్మేది ఎక్కువగా ఆడవాళ్ళే. ఆ కూలికి పోయేవాళ్ళలో భర్త పోయినవాళ్ళు కూడా ఉన్నారు. పొద్దున్నే ఒడి నిండా మల్లెలు కోసిన మనిషి తలలో ఒక్క పువ్వు పెట్టుకుంటే ఊరు చెవులు కొరుక్కుంటుంది. కోసే చేతికి లేని దోషం పెట్టుకునే తలకి ఎక్కడి నుంచి వచ్చింది?

1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం జరిపించారు. మన పక్క ఊరే. అప్పటి నుంచి నూట నలభై ఏళ్ళు దాటాయి. పెళ్ళికి ముందు, చిన్నప్పుడే మన అమ్మ మన జడలో పువ్వు పెట్టింది. ఆయన ఇవ్వనిది ఆయనతో ఎలా పోతుంది?

కొన్ని దేశాల్లో కొత్త రకం పూల తోటలు ఉన్నాయట. వచ్చినవాళ్ళకి కత్తెర, బకెట్టు ఇస్తారు. నచ్చిన పువ్వులు వాళ్ళే కోసుకుని, కోసినదానికి డబ్బు కడతారు. ఇది మన పాత పద్ధతే, డబ్బు కట్టడం ఒక్కటే కొత్త. మన సంఘాలు కూడా ఇది చెయ్యొచ్చు. నీళ్ళు నిలిచే కొల్లేటి పల్లం దీనికి పనికిరాదు. తాడేపల్లిగూడెం వైపు మెట్ట చేను అర ఎకరం కౌలుకి తీసుకుంటే చాలు. మల్లె కన్నా బంతి, చామంతి మేలు, ఎందుకంటే విచ్చుకున్న పువ్వుని తెల్లవారాక ఎవరైనా కోసుకోవచ్చు. బంతి నాటిన రెండు నెలలకి పూతకొస్తుంది. సంక్రాంతికి అందేలా లెక్క చూసుకుని నాటాలి. వరసల మధ్య నడవడానికి దారి వదలాలి. మొక్కని పీకకుండా కాడ ఎక్కడ తుంచాలో మనమే దగ్గరుండి చూపించాలి. సాగు సలహాకి 2007లో వచ్చిన ఉద్యాన విశ్వవిద్యాలయం పక్కనే వెంకట్రామన్నగూడెంలో ఉంది.

తోట పెట్టడానికి అప్పు, కౌలు, మనుషులు కావాలి. ఇంకో పనికి పైసా ఖర్చు లేదు. ఇక నుంచి మన సమావేశాల్లో పసుపు, కుంకుమ, పువ్వుల పళ్ళెం తిప్పేటప్పుడు ఎవరి దగ్గరా దాటేసి పోవద్దు. ప్రతి సభ్యురాలి ముందూ పెడదాం. తీసుకోవడం, మానడం ఆమె ఇష్టం. ఈ మాట అన్ని గ్రామ సమాఖ్యల్లో తీర్మానంగా రాసుకోవాలని కోరుతున్నాను.