ఇర్రి

కోసిగి, ఆదోని చేలల్లో గుంపులుగా తిరిగే కృష్ణజింకకు అచ్చ తెలుగు పేరు ఇర్రి. తమిళంలో ఇరలై, పొరుగు కన్నడంలో ఎరళె. మూడింటిదీ ఒకే ద్రావిడ వేరు. ‘కృష్ణ’ సంస్కృతం నుంచి వచ్చింది, నలుపు అని అర్థం. ఆ రంగు ఎదిగిన మగదానికే.

పుట్టినప్పుడు అన్నీ గోధుమరంగే. ఎండుగడ్డిలో కదలకుండా పడుకున్న కూన కంటికి ఆనదు, అలా బతికిపోతుంది. మగదాని నలుపుది, మెలికల కొమ్ములది వేరే లెక్క: పోటీలో నెగ్గినదానికే సంతానం ఎక్కువ.

ఇక పరుగు. గంటకు సుమారు 80 కిలోమీటర్లు! తరతరాలుగా చీతాల నోట పడనివే పిల్లల్ని కన్నాయి, ఆ కాళ్ల బలం వాటికి అందింది. మన దేశంలో చీతా అంతరించిందని 1952లో ప్రకటించారు. తరిమేది పోయినా వేగం పోలేదు. ఇప్పుడది రైతు అదిలింపు నుంచి తప్పించుకోవడానికి పనికొస్తోంది. మేసిన మొలకల నష్టం రైతు మీద పడుతోంది.