గార్డుల ఘనతను ఏ కొలబద్దతో కొలవాలి?

ఆస్కార్ రాబర్ట్‌సన్ గొప్పవాడా, మ్యాజిక్ జాన్సనా, మైకేల్ జోర్డానా, స్టీఫెన్ కర్రీయా? అమెరికా వృత్తి బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఈ చర్చకు అంతు లేదు. గవాస్కర్‌ను, టెండూల్కర్‌ను, కోహ్లీని ఒకే త్రాసులో తూచే ప్రయత్నం మన దేశంలో ఎలా సాగుతుందో అక్కడ ఇదీ అలాగే సాగుతుంది. అంకెలు చూపి తీర్పు చెప్పేవారు ఒక సంగతి మరచిపోతారు. ఆ అంకెలన్నీ ఒకే చట్టం కింద పుట్టినవి కావు. గార్డు అంటే బంతిని ముందుకు నడిపి, సహచరులకు అందించి, అవసరమైతే దూరం నుంచి గురిపెట్టే ఆటగాడు. ఎక్కువసేపు బంతి ఉండేది అతడి చేతిలోనే కాబట్టి, నిబంధన మారినప్పుడల్లా ముందుగా మారవలసి వచ్చిందీ అతడే.

1950 నవంబరు 22న ఫోర్ట్ వేన్ పిస్టన్స్ జట్టు 19–18తో మినియాపొలిస్ లేకర్స్‌ను ఓడించింది. 48 నిమిషాల ఆటలో ఇరు జట్లూ కలిపి సాధించినవి 37 పాయింట్లే. బంతిని ఎంతసేపైనా దాచుకోవచ్చు, అడ్డుచెప్పే నిబంధన లేదు. ఆ రోజుల్లో బాస్టన్ సెల్టిక్స్ గార్డు బాబ్ కూజీ డ్రిబ్లింగ్ నైపుణ్యం కాలాన్ని కరిగించడానికి కూడా పనికివచ్చేది. 1953 మార్చి 21న సిరక్యూస్‌తో నాలుగు ఓవర్‌టైముల వరకు సాగిన ప్లేఆఫ్ మ్యాచ్‌లో అతడు 50 పాయింట్లు చేశాడు. వాటిలో 30 ఫ్రీ త్రోల వల్ల వచ్చినవే. ఫౌల్ చేస్తే తప్ప అతడి చేతిలోని బంతి ప్రత్యర్థికి దొరికేది కాదు.

ఈ జాడ్యానికి మందు కనిపెట్టినవాడు సిరక్యూస్ జట్టు యజమాని డానీ బయాసోన్. రక్తి కట్టిన మ్యాచ్‌లలో రెండు జట్లూ కలిపి సుమారు 120 షాట్లు వేస్తున్నాయని అతడు గమనించాడు. 48 నిమిషాలంటే 2,880 సెకన్లు. దాన్ని 120తో భాగిస్తే 24. బంతి చేతికి వచ్చిన 24 సెకన్లలో షాట్ వేయాలన్న నిబంధన 1954–55 సీజన్ నుంచి అమలైంది. నిదానించే గార్డు కాలం చెల్లి, వేగంగా దాడిని నడిపే గార్డు కాలం వచ్చింది. కూజీ రెండు కాలాల్లోనూ నెగ్గాడు. 1952–53 నుంచి వరుసగా 8 సీజన్లు అసిస్టుల్లో అగ్రస్థానం అతడిదే. అతడి షాట్లలో నూటికి 38 కూడా బుట్టలో పడలేదని ఈనాటి వారు పెదవి విరుస్తారు. 1950లలో లీగ్ సగటే 40కి లోపు ఉండేదన్న వాస్తవాన్ని మాత్రం పక్కన పెడతారు.

1961–62లో సిన్సినాటి రాయల్స్ గార్డు ఆస్కార్ రాబర్ట్‌సన్ మ్యాచ్‌కు సగటున 30.8 పాయింట్లు, 12.5 రీబౌండ్లు, 11.4 అసిస్టులు సాధించాడు. మూడింటిలోనూ రెండంకెల సగటు 2016–17లో రస్సెల్ వెస్ట్‌బ్రూక్ అందుకునే దాకా మరెవరికీ సాధ్యపడలేదు. ఆనాడు ఒక్కో జట్టు మ్యాచ్‌కు 100కు పైగా షాట్లు వేసేది, వాటిలో సగానికి పైగా తప్పేవి, కనుక రీబౌండ్లు సులువుగా దొరికేవన్న ఆక్షేపణలో నిజముంది. అయితే డ్రిబుల్ చేస్తూ అరచేయి బంతి కిందికి జారితే నాటి రిఫరీలు విజిల్ ఊదేవారు. మూడు పాయింట్ల గీత అప్పటికి లేదు. కాలం ఒక చేత్తో ఇచ్చినదాన్ని మరో చేత్తో తీసుకుంది.

ఆ గీత 1979–80లో వచ్చింది. మ్యాజిక్ జాన్సన్ లీగ్‌లో అడుగుపెట్టిందీ అప్పుడే. 6 అడుగుల 9 అంగుళాల మనిషి బంతి నడిపే బాధ్యత తీసుకోవడమే ఒక విప్లవం. 1980 ఫైనల్స్ ఆరో మ్యాచ్‌లో, గాయపడిన కరీం అబ్దుల్ జబ్బార్ స్థానంలో సెంటర్‌గా బరిలోకి దిగి, 20 ఏళ్ల వయసులో 42 పాయింట్లు, 15 రీబౌండ్లు, 7 అసిస్టులతో లేకర్స్‌కు టైటిల్ అందించాడు. 10 సార్లు లీగ్ స్కోరింగ్ కిరీటం గెలిచిన జోర్డాన్ ఆడిన కాలంలో డిఫెండర్లు చేయి ఆనించి దారి మళ్లించేవారు. ఆ మేరకు అతడి పని కష్టం. జోన్ డిఫెన్స్‌కు అనుమతి లేకపోవడం వల్ల ప్రత్యర్థిని ఒంటరిగా ఎదుర్కొనే వీలు దక్కింది. ఆ మేరకు సులువు. 2001–02లో జోన్‌కు అనుమతి వచ్చింది. 2004–05 నుంచి చేయి ఆనించడంపై కట్టడి బిగిసింది.

ఆ స్వేచ్ఛలో ఎదిగినవాడు కర్రీ. లెక్క చిన్నదే: దూరం నుంచి వేసిన 100 షాట్లలో 40 పడితే 120 పాయింట్లు. దగ్గర నుంచి అంతే రాబట్టాలంటే 60 పడాలి. ఈ లెక్క 1979లోనూ నిజమే. అయినా తొలి సీజన్‌లో జట్లు మ్యాచ్‌కు మూడు ప్రయత్నాలు కూడా చేయలేదు. ఇప్పుడు 35 దాటుతున్నాయి. 2015–16లో కర్రీ ఒక్కడే 402 మూడు పాయింట్ల షాట్లు వేశాడు. చట్టం ఇచ్చిన అవకాశం పుస్తకంలో ఎంతకాలమైనా పడి ఉండవచ్చు. దాన్ని చదివి వాడుకునే మనిషి రావాలి.

మైదానం బయట కూడా ఒక చట్టం ఉండేది. ఒప్పందంలోని రిజర్వ్ నిబంధన ఆటగాణ్ణి ఒకే జట్టుకు కట్టిపడేసేది. 1954లో ఆటగాళ్ల సంఘాన్ని స్థాపించినవాడు కూజీయే. 1965లో దాని అధ్యక్షుడైన రాబర్ట్‌సన్ ఇండియానాపొలిస్‌లో నల్లజాతి పిల్లలకే కేటాయించిన క్రిస్పస్ అటక్స్ పాఠశాలలో చదివాడు. 1955లో ఆ పాఠశాల రాష్ట్ర టైటిల్ గెలిచినా, విజయోత్సవాన్ని నగరం నడిబొడ్డున జరగనివ్వకుండా నల్లవారి వాడకు మళ్లించారు. ఆ అవమానం ఎరిగిన మనిషి 1970లో లీగ్‌పై కోర్టుకెక్కాడు. 1976లో కుదిరిన రాజీ ఆటగాళ్ల స్వేచ్ఛకు బాట వేసింది. 1974లోనే రిటైరైన రాబర్ట్‌సన్‌కు దాని ఫలం దక్కలేదు.

నేటి గార్డు తాను ఎంచుకున్న జట్టుకు, అపారమైన వేతనానికి సంతకం పెట్టగలుగుతున్నాడంటే ఆ పోరాటమే కారణం. తరాల మధ్య పోలిక న్యాయంగా ఉండాలంటే ఎవరి అంకె పెద్దదని కాక, తనకు దక్కిన నిబంధనలతో ఎవరు ఏం చేశారని అడగాలి. ఆ ప్రశ్నకు కూజీ, జాన్సన్, జోర్డాన్, కర్రీ నలుగురూ గొప్ప జవాబులే ఇచ్చారు. తర్వాతివారి కోసం నిబంధననే మార్చిన రాబర్ట్‌సన్ జవాబు మాత్రం స్కోరు పట్టికలో కనిపించదు.